ఫౌంటెన్ దగ్గరి బోర్డు

"కుక్క ఉన్నది, జాగ్రత్త" అని గేటుకు బోర్డు రాసిపెట్టమంటే, ముందు కుక్కను చూపించమనే పెయింటరు ఆ ఊరు మొత్తం మీద ఒక్కడే. ఒకసారి ఒక ఇంటివాళ్ళు చూపించారు కూడా. గుప్పెడంత కుక్కపిల్ల, కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. అతను దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "చిన్న కుక్క ఉన్నది" అని రాసిచ్చాడు. ఏ పని తెచ్చినా "కళ్ళారా చూడందే రాయను" అంటాడు కనక ఊళ్ళో అతనికి కళ్ళారా అనే పేరు స్థిరపడిపోయింది. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో బోర్డులు రాయించుకునేవాళ్ళే కరువైపోతే, ఆ వచ్చే నలుగురినీ కూడా ఇలా సాక్ష్యాలడిగి తరిమేసే మనిషిని ఏమనాలి? వాళ్ళక్క అయితే రోజుకొక మాట అనేది.

అలాంటివాడికి మున్సిపాలిటీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊరి నడిబొడ్డున కూడలిలో ఉన్న పాత ఫౌంటెన్‌కు బోర్డులు కావాలట. వేసవంతా దాని చుట్టూ రేకులు కట్టి బాగుచేశారు. పాచిపట్టి, నల్లబడి, చేపలో పాములో తెలియకుండా ఉన్న నాలుగు రాతి చేపలు ఇప్పుడు పొలుసులతో సహా కనిపిస్తున్నాయి. వాటి నోళ్ళలోంచి నీళ్ళు కింది తొట్టిలోకి ధారగా పడుతున్నాయి. తొట్టి అంచు మీద తరతరాలుగా బిందెలు ఆనించి ఆనించి అరిగిన పల్లాలున్నాయి. వాటిని సిమెంటుతో పూడ్చమని ఆఫీసరు పోరుపెట్టినా రాళ్ళ డాక్టరమ్మ ససేమిరా అంది.

రాళ్ళ డాక్టరమ్మ అంటే ఈ పనికోసం వచ్చిన ఆవిడ. పాత కట్టడాలు బాగుచేసే చదువు చదివింది. చేపలకు తడి కాగితపు గుజ్జుతో పట్టీలు వేసి, మర్నాడు విప్పి, పళ్ళు తోముకునే బ్రష్షుతో మురికి తీస్తూ కూర్చుంటే చూసి, కూడలిలో బస్తాలు మోసే హమాలీలు ఆ పేరు పెట్టారు. ఆవిడకూ అది నచ్చింది. తన హెల్మెట్ మీద ఆ పేరే రాసిపెట్టమని పెయింటర్ని అడిగింది కూడా. ఆ ఒక్కసారి అతను సాక్ష్యం అడగలేదు. పట్టీలు వేస్తుండగా చూసినవాడే.

ఆఫీసరు రెండు కాగితాలు చేతిలో పెట్టాడు. మొదటిది ఫౌంటెన్ చరిత్ర. ఊరి బయట గుట్ట కింద ఉన్న ఊట నుంచి పైపు వేసి నీళ్ళు తెచ్చిన సంగతి, అంతకుముందు జనం మోసుకొచ్చేవాళ్ళ దగ్గర నీళ్ళు కొనుక్కుని తాగిన సంగతి, చేపలు చెక్కిన మనిషి పేరు ఎవరికీ తెలియదన్న సంగతి అందులో ఉన్నాయి. చివర్న "నాటి నుండి నేటి వరకు ఈ నీరు ఎందరి దాహమో తీర్చింది" అని ఉంది. పెయింటరు తలూపాడు. అందులో అతను కళ్ళారా చూడనివి చాలా ఉన్నా, రాళ్ళ డాక్టరమ్మ పాత ఫొటోలు, రాతి మీద చెక్కిన అక్షరాలు చూపించింది కనక ఒప్పుకున్నాడు.

రెండో కాగితంలో ఒక్కటే వాక్యం. "ఈ నీరు త్రాగుటకు పనికిరాదు."

"ఇది ఎవరు చెప్పారు సార్?" అన్నాడు పెయింటరు.

"ఒకరు చెప్పేదేముందయ్యా! ముందుజాగ్రత్త. రేపెవడికో కడుపునొప్పి వస్తే మన మెడకు చుట్టుకోకుండా."

"పనికిరాదని ఎవరైనా చూశారా?"

"పనికొస్తుందని మాత్రం ఎవరు చూశారు?"

"నేను చూశాను సార్. ఊహ తెలిసినప్పటినుంచీ ఇవే తాగుతున్నాను. ఇదిగో, నిక్షేపంలా ఉన్నాను."

పక్కనున్న హమాలీలు నవ్వారు. నిక్షేపం అన్న మాట అతని డొక్కలకు అంతగా నప్పలేదు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

"రాసేది నువ్వు, రాయించేది నేను. ఇందులో నువ్వు తాగితే ఏమిటి, తాగకపోతే ఏమిటి?"

"ఒక బోర్డు మీద అందరి దాహం తీర్చిందని రాసి, పక్క బోర్డు మీద పనికిరాదని రాస్తే, చదివినవాడు రాసినవాణ్ణి తిడతాడు సార్. మీరెవరో వాడికి తెలీదు. నేను తెలుసు."

రాళ్ళ డాక్టరమ్మ మధ్యలో కల్పించుకుంది. "పరీక్ష చేయిద్దాం సార్. ఎలాగూ చేయించాల్సిందే. రేపో ఎల్లుండో తేలిపోతుంది. బాగున్నాయని వస్తే ఆ రెండో బోర్డు అక్కర్లేదు." అంటూనే సంచిలోంచి ఖాళీ సీసా తీసి, చేప నోటికింద పట్టి నింపి, మూత బిగించింది. ఆఫీసరు చెయ్యి విదిలించి కారెక్కాడు. ప్రారంభోత్సవం దగ్గరపడింది, అతనికి కుర్చీలూ పూలకుండీలూ చూసుకోవాల్సిన పని ఉంది.

పెయింటరు ఛాతీ విరుచుకుని కూడలి దాటాడు. గెలిచానన్న సంతోషం నడకలోనే కనిపించింది.

కూడలి మూలన వాళ్ళక్క టీ కొట్టు. ఒక స్టవ్వు, దానిమీద ఎప్పుడూ దిగని పెద్ద గిన్నె, రెండు బల్లలు, వెనక ఒక గది. ఆ గదిలో అక్క, పైన రేకుల గదిలో తమ్ముడు. అతనికి పెళ్ళి కాలేదు. ఇతను అమ్మాయిని కళ్ళారా చూశాక అమ్మాయివాళ్ళే వద్దన్నారని అక్క నవ్వుతూ చెప్తుంది. కొట్టు నెత్తిన పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలతో "ఫౌంటెన్ నీళ్ళ టీ" అని బోర్డు. అది రాసిందీ అతనే. తెల్లారకముందే చేప నోటికింద బిందెలు పెట్టి నీళ్ళు పట్టుకొచ్చేదీ అతనే. ఆ నీళ్ళతో కాచిన టీకి ఒక రుచి ఉందని, కొళాయి నీళ్ళతో అది రాదని ఊరంతా అంటుంది. ఊరి అవతలి కొసనుంచి కూడా పనిగట్టుకుని వస్తారు. అక్క బతుకంతా ఆ రుచి మీద నిలబడి ఉంది.

"ఏం, ఇవాళ ఎవర్ని తరిమేశావు?" అంది అక్క, గ్లాసులు కడుగుతూనే.

"ఆఫీసర్ని."

అక్క చెయ్యి ఆగిపోయింది. అతను జరిగిందంతా చెప్పాడు. కాస్త కలిపి కూడా చెప్పాడు. అక్క విని, మెచ్చుకోవాలో తిట్టాలో తేల్చుకోలేక, టీ వడగట్టి గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టింది.

"రాసిపడేస్తే పోయేది కదరా. ఆ బోర్డు ఎవడు చదువుతాడు? పార్కులో గడ్డి మీద నడవరాదని రాశారు, జనం ఆ బోర్డుకే చొక్కాలు తగిలించి పడుకుంటున్నారు. అలాగే ఇదీను. నువ్వు రాస్తావు, వాళ్ళు కడతారు, మనం నీళ్ళు పట్టుకుంటాం."

"అబద్ధం అక్కా అది."

"ఇంకొకరి అబద్ధం. నీదేం పోయింది?"

"నా చేత్తో రాస్తే నాదే. పైగా నీ కొట్టుకు ఎదురుగా. ఎవరైనా ఒక్కడు చదివి నమ్మితే?"

ఈ మాట అక్కకు నచ్చింది. ఇంకో అరగ్లాసు పోసింది. "సర్లే, పరీక్షలో బాగున్నాయని రానీ. అదే పెద్ద అక్షరాలతో రాసి కట్టు. నా టీకి కూడా మంచిది" అంది. తమ్ముడికి ఎప్పుడో గానీ దొరకని చూపు ఒకటి దొరికింది. అతను దాన్ని టీతో పాటు మెల్లగా చప్పరించాడు.

రెండ్రోజులు చరిత్ర బోర్డు పనిలోనే గడిచిపోయింది. పైన గదిలో రేకును నేలమీద పరిచి, ఉప్పుకాగితంతో రుద్ది, ముదురు నీలం రెండు పూతలు వేసి ఆరబెట్టాడు. సుద్ద రాసిన దారాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు లాగి పట్టి మధ్యలో టప్పున వదిలితే తెల్లటి గీత పడుతుంది. గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు వేసుకున్నాడు. చేతికింద ఆనించే కర్రకు గుడ్డ చుట్టి, దానిమీద మణికట్టు పెట్టి, సన్న బ్రష్షుతో ఒక్కో అక్షరమూ ఊపిరి బిగబట్టి దిద్దాడు. ముందు తలకట్లన్నీ, తర్వాత మిగతాది. అదొక అలవాటు. ఇంత పెద్ద బోర్డు రాసి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. చెయ్యి మర్చిపోలేదని తెలిసేసరికి చెప్పలేనంత ఆనందం కలిగింది. నీళ్ళ సంగతి తేలేదాకా చివరి వాక్యం ఒక్కటి మిగిల్చి, మిగతాదంతా పూర్తిచేశాడు.

ఆ మధ్యాహ్నం రాళ్ళ డాక్టరమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి రావడంతో అతను గాభరాపడి ఉన్న ఒక్క స్టూలూ తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. బోర్డు వైపు చాలాసేపు చూసింది.

"ఎంత బాగా రాశారండీ" అంది. గొంతులో మాత్రం ఆ సంతోషం లేదు.

"నీళ్ళ సంగతి తేలిందామ్మా?"

"తేలింది. బాగాలేవు. సీసం వస్తోంది."

అతను నవ్వబోయి ఆగాడు. ఆవిడ ఎగతాళి చేసే మనిషి కాదు. "పొరపాటు పడి ఉంటారమ్మా. ఇంకో సీసా పంపండి."

"పంపాను. మొదటి ఫలితం నిన్ననే వచ్చింది. నమ్మలేక మళ్ళీ పట్టి పంపాను. అదీ అలాగే వచ్చింది. కాచినా పోయేది కాదు. పిల్లలకు మరీ చెడ్డది."

"మరి ఇన్నేళ్ళూ? మా అమ్మ తాగింది, వాళ్ళమ్మ తాగింది!"

ఆవిడ అప్పుడు స్టూలు మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ మాట్లాడింది.

"ఇన్నేళ్ళూ బాగానే ఉన్నాయండీ. పని మొదలుపెట్టకముందు నేను పట్టిన నీళ్ళలో సీసం జాడ కూడా లేదు. ఆ పైపు సీసంతో చేసింది. ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్ళు. కానీ ఊట నీళ్ళలో సున్నం ఎక్కువ. అది పైపు లోపల మెల్లమెల్లగా పొర కట్టింది. కుండలో ఇంకో కుండ పెట్టినట్టు. నీళ్ళు ఆ పొరలోంచి పోయేవి, సీసాన్ని తాకేవే కావు. ధార సన్నగా వస్తోందని నేను ఆ పొరంతా కడిగించేశాను. గుడ్డు పెంకుల్లా ఊడి వచ్చింది, మీరూ చూశారు."

అతను చూశాడు. చూడ్డమేమిటి, చేప నోట్లోంచి తెల్లటి పెచ్చులు కొట్టుకొచ్చి, ఆ వెనకే నీళ్ళు ఉరికినప్పుడు హమాలీలతో కలిసి చప్పట్లు కొట్టాడు.

"రాతికి ఏం చేయాలో నాకు తెలుసు. పైపు గురించి తెలిసినవాళ్ళని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. బాగుచేద్దామని చేసి నేనే చెడగొట్టాను" అంది. కళ్ళు తుడుచుకోలేదు గానీ తుడుచుకోవాల్సినట్టే ఉన్నాయి. "కడిగించి ఎన్నాళ్ళో కాలేదు. ఇప్పుడు మానేస్తే ఎవరికీ భయం లేదు. హమాలీలకు చెప్పి వస్తున్నాను. నమ్మలేదు. నవ్వారు. మీ అక్కయ్యగారికి మీరే చెప్పాలి."

కిందికి దిగే ఆ కాసిని మెట్లు అతనికి ఊరంత దూరమనిపించాయి.

అక్క వింటున్నంతసేపూ గరిటె తిప్పుతూనే ఉంది. బల్లమీద హమాలీల పెద్ద, ఇంకో ఇద్దరు టీ కోసం కూర్చుని ఉన్నారు. అంతా విన్నాక అక్క స్టవ్వు ఆపింది. గిన్నెను గుడ్డతో రెండువైపులా పట్టుకుని లేపి, వాకిట్లోకి తెచ్చి, మరుగుతున్న టీ మొత్తం కాలవలో గుమ్మరించింది. ఆవిరి మొహానికి కొట్టినా తప్పుకోలేదు. బిందెల్లో ఉన్న నీళ్ళు కూడా పారబోసింది. తర్వాత ఖాళీ డబ్బా తీసుకుని వీధి చివర కొళాయి దగ్గరికి వెళ్ళి, అక్కడ వరసలో నిలబడింది. రాళ్ళ డాక్టరమ్మ మాటలకు నవ్విన హమాలీలు ఇది చూసి నవ్వలేదు. వాళ్ళ పెద్ద లేచి, ఫౌంటెన్ దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఒక ఆడమనిషిని కేకేసి వద్దన్నాడు.

కొళాయి నీళ్ళతో కాచిన టీ ఎవరూ పూర్తిగా తాగలేదు. కాస్త వదిలేసి వెళ్ళారు, అంతే. గ్లాసుల్లో మిగిలిన టీ చూసి అక్కకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే అక్కకు కోపం వస్తుంది. కోపం పోవడానికి దగ్గర్లో తమ్ముడు తప్ప ఇంకెవరూ లేరు.

"ఊళ్ళోవాళ్ళ నిజాలన్నీ నీకే కావాలి! నోరుమూసుకుని ఉంటే పోయేది."

"మూసుకుంటే ఇంకా తాగుతూ ఉండేవాళ్ళం అక్కా."

ఆ మాట నిజమని అక్కకూ తెలుసు. అందుకే కోపం ఇంకా పెరిగింది. అతను బుద్ధిగా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పైకి చూసి, "ఆ బోర్డు కూడా దించాలి కదా. ఇప్పుడది ఫౌంటెన్ నీళ్ళ టీ కాదు" అన్నాడు.

అక్క చేతిలోని జల్లెడను నేలకేసి కొట్టింది. "నా కొట్టు, నా బోర్డు! దాని జోలికి వచ్చావంటే నిచ్చెనతో సహా నిన్ను కాలవలో పడేస్తాను. నీళ్ళు పోయాయి, జనం పోతారు, పేరు కూడా ఇప్పుడే పీకేస్తావా? పోరా, నీ నిజాలే వండుకుని తిను."

ఆ సాయంత్రం అతనికి కిందనుంచి అన్నానికి పిలుపు రాలేదు.

మర్నాడు ఆఫీసరు కూడలిలో పూలకుండీలు సర్దిస్తూ, పెయింటర్ని దూరంనుంచే చూసి చేతులు చాచాడు. "ఏం కళ్ళారా! పనికిరాదని నేను ముందే చెప్పలేదూ? పరీక్షలన్నావు, సాక్ష్యాలన్నావు. కళ్ళారా చూశావుగా? ఇంకేం, రాసెయ్యి."

రాళ్ళ డాక్టరమ్మ అక్కడే ఉంది. "సార్, పైపు మార్చాలి. గుట్టదగ్గర్నుంచీ అక్కర్లేదు, ఊరి గోడ దాకా ఇనప పైపు వేసి ఉంది. సీసపు ముక్క ఈ కూడలి కిందనే" అంది.

"ఇప్పుడే పరిచిన రాళ్ళు తవ్వుతారా? ప్రారంభోత్సవం పెట్టుకుని? ఏదో ఒక పథకంలో తర్వాత చూద్దాం. బోర్డు ఉంటుంది కదమ్మా, తాగరు. చూసి ఆనందిస్తారు. ఫౌంటెన్ చూడ్డానికే గానీ తాగడానికా?" అని చేతులు దులుపుకున్నాడు ఆఫీసరు.

పెయింటరు గదికి వచ్చేశాడు. చిన్న రేకు ముందు పెట్టుకుని సుద్ద పట్టుకున్నాడు. రాయనని చెప్పడానికి ఇప్పుడు అతని దగ్గర సాకు లేదు. వాక్యం నిజమైపోయింది. అయినా చెయ్యి సాగలేదు. సుద్దతో రాశాడు, తుడిచాడు. మళ్ళీ రాశాడు. పనికిరాదు అన్న మాట చదువుతుంటే, ఆ నీళ్ళు ఎన్నడూ పనికిరానట్టు, తాగినవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళయినట్టు, అక్క ఇన్నేళ్ళూ జనాన్ని మోసం చేసినట్టు వినిపిస్తోంది. ఇకముందు కూడా ఎన్నడూ పనికిరావన్నట్టుంది. ఇందులో అబద్ధం ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేకపోయాడు. ఉందని మాత్రం తెలుస్తోంది. బతుకులో మొదటిసారి కళ్ళారా చూసిన సంగతి కూడా అతనికి చాలలేదు.

అలికిడి విని తలెత్తేసరికి రాళ్ళ డాక్టరమ్మ గుమ్మంలో ఉంది.

"రాయలేకపోతున్నారా?"

"నిజమే కదమ్మా, రాయాలి. కానీ ఇది సగమే. మిగతా సగం ఏమిటో నాకు కుదరట్లేదు."

"మిగతా సగం నేను చెప్తాను. ఆ చిన్న రేకు పక్కన పెట్టేయండి. పెద్ద బోర్డులోనే చివర రాయండి. చరిత్రలోదే కదా ఇదీను." సంచిలోంచి కాగితం తీయలేదు. నిలబడే మెల్లగా చెప్పింది. అతను సుద్దతో రాసుకుంటూ పోయాడు. నాటి నుండి నేటి వరకు అన్న వాక్యం దగ్గర ఆగి, నేటి వరకు అన్నది తీసేయమంది. "ఈ వేసవి వరకు అని రాయండి."

చెప్పింది మొత్తం విన్నాక అతను సుద్ద కింద పెట్టాడు. "అమ్మా, ఇలా రాస్తే మీ పేరు పోతుంది. రేపు ఇంకో ఊళ్ళో పని ఎవరిస్తారు?"

"ఇవ్వకపోవచ్చు. భయంగానే ఉంది. కానీ రాయకపోతే ఆ పైపు ఎవరూ మార్చరు. ఆ తప్పు కింద పాతిపెట్టి, పైన నా పేరు చక్కగా ఉండి ఏం చేసుకోను? చరిత్ర బోర్డు మీద ఏం రాయాలో ఖరారు చేసే బాధ్యత నాది. నేను ఒప్పుకున్నాను. మీరు రాయండి." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "ఆ వాక్యాలు చిన్న అక్షరాలతో మాత్రం వద్దండీ."

అతను వాటిని మిగతావాటితో సమానంగానే రాశాడు. చోటు చాలకపోతే అంచుకు వేసిన తీగల డిజైను చెరిపేశాడు. ఆ తీగలు అతనికి ఎంతో ఇష్టం. చెరిపేటప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు.

ప్రారంభోత్సవం నాటి ఉదయం అందరికంటే ముందు వచ్చి, హమాలీల పెద్ద సాయంతో బోర్డును ఇనప కాళ్ళకు బిగించి, పైన గుడ్డ కప్పాడు. ఆఫీసరు వచ్చి, "రెండోదేది?" అన్నాడు.

"రెండూ ఇందులోనే వచ్చేశాయి సార్. డాక్టరమ్మగారు కలిపి రాయమన్నారు."

"మంచిది, ఒకటయితే చూడ్డానికీ బాగుంటుంది" అంటూ ఆఫీసరు మైకు వైపు పరుగెత్తాడు. మైకు గీ అని అరుస్తోంది. గుడ్డ ఎత్తి చూసే తీరిక అతనికి లేదు.

ఛైర్మన్‌గారికి మంచి గొంతు ఉంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పునాదిరాయి కానివ్వండి, బస్సు స్టాపు కానివ్వండి, ఏది తెరిచినా అక్కడ రాసినదంతా మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివి వినిపిస్తేగానీ ఆయన వదలడు. జనం నిండుగానే వచ్చారు. హమాలీలు తొట్టికి ఒక పక్క, బిందెల ఆడవాళ్ళు ఇంకో పక్క, ముందు కుర్చీల్లో పెద్దమనుషులు. అక్క కొట్టు ముందు నిలబడి చేతులు కట్టుకుంది. తమ్ముడి వైపు చూడలేదు. ఛైర్మన్ గుడ్డ లాగాడు. నీలం మీద తెల్లటి అక్షరాలు ఎండకు మెరిశాయి. చప్పట్లు మోగాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

ఊట సంగతి చదివాడు. నీళ్ళు కొనుక్కున్న రోజుల సంగతి చదువుతున్నప్పుడు గొంతులో కాస్త జాలి కలిపాడు. చేపలు చెక్కిన మనిషి సంగతి చదివి, చేపల వైపు చెయ్యి చూపించాడు. అదే ఊపుమీద ముందుకు వెళ్ళిపోయాడు.

"...ఈ వేసవి వరకు ఈ నీరు ఎందరి దాహమో తీర్చింది. ఫౌంటెన్ బాగుచేసేటప్పుడు పైపు లోపలి సున్నపు పొరను పొరపాటున తీసివేశాము. అందువల్ల పాత పైపులోని సీసం నీళ్ళలో కలుస్తున్నది. కొత్త పైపు వేసేవరకు ఈ నీళ్ళు తాగకండి."

చివరి మాట మైకులోంచి కూడలి నాలుగు మూలలకూ వెళ్ళింది. ఛైర్మన్ బోర్డు వైపు ఇంకోసారి చూశాడు. ఆఫీసరు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఎప్పుడు సార్?" అని అడిగాడు హమాలీల పెద్ద. అరవలేదు. అంగట్లో బేరమడిగినట్టు మామూలుగా అడిగాడు.

"ఏమిటి ఎప్పుడు?"

"కొత్త పైపు సార్. మీరే చదివారు కదా."

ఛైర్మన్ ఆఫీసరు వైపు తిరిగాడు. ఆఫీసరు నోరు తెరిచేలోపే రాళ్ళ డాక్టరమ్మ కుర్చీల వెనకనుంచి లేచి ముందుకు వచ్చింది.

"ఆ పొర తీయించింది నేనండీ. ఆ తప్పు నాది. మార్చాల్సిన పైపు ఈ కూడలి కింద ఉన్నంత మేరే. ఏ రాయి ఎక్కడిదో గుర్తులు పెట్టుకున్నాను. తవ్విన చోట మళ్ళీ అతుకు తెలియకుండా పరిచి ఇస్తాను. ఆ పని అయ్యేదాకా ఊరు వదిలి వెళ్ళను. నాకు జీతం కూడా వద్దు."

ఛైర్మన్ ఒక్క క్షణం ఆలోచించాడు. తన గొంతుతో తనే చదివిన మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాని పని. పైగా కాసేపటి క్రితం ఆయన జాలిగా చదివిన ఆ నీళ్ళు కొనుక్కున్న జనం మనవలూ మునిమనవలూ ఎదురుగా నిలబడి ఉన్నారు. "వానలు పడకముందే వేయిస్తాను" అన్నాడు మైకులో. తర్వాత మైకును అరచేత్తో మూసి, డాక్టరమ్మతో మెల్లగా, "జీతం వద్దనకమ్మా, అలా ఎవరూ పని చేయకూడదు" అన్నాడు. చప్పట్లు ఈసారి తొట్టి పక్కనుంచి మొదలయ్యాయి.

ఛైర్మన్ కారు వెళ్ళిపోయాక ఆఫీసరు పెయింటరు మీదికి వచ్చాడు. "ఎంత పని చేశావు! ఇప్పుడే పీకించేస్తా ఈ బోర్డుని."

"పీకండి సార్, ఎవరొద్దన్నారు? పైపు వేసి పీకండి. మేమే వచ్చి పట్టుకుంటాం" అన్నాడు హమాలీల పెద్ద. ఆఫీసరు అతన్నీ, వెనకున్న మిగతావాళ్ళనీ చూసి, పూలకుండీలు లారీ ఎక్కించమని ఎవరినో కసురుకుంటూ వెళ్ళిపోయాడు.

కూడలి ఖాళీ అయింది. పెయింటరు తొట్టి అంచు మీద కూర్చుని బ్రష్షులు కిరసనాయిలులో కడిగి, గుడ్డతో ఒత్తి, సంచిలో పెట్టుకున్నాడు. గెలిచినట్టు లేదు అతనికి. వానలదాకా అక్క కొట్టు ఎలా నడుస్తుందన్న దిగులే ఉంది. ఛైర్మన్ మాట మాటగానే మిగిలిపోతే ఆ తర్వాత ఎలాగన్న భయం కూడా ఉంది. ఇంటికి పోతే ఏం వినాల్సి వస్తుందో అనుకుంటూ అక్కడే కాలయాపన చేశాడు.

ఎదురుగా కొట్టు ముందు అక్క స్టూలు వేసుకుని పైకెక్కడం కనిపించింది. పడుతుందేమోనని అతను లేచాడు. అక్క పడలేదు. రెండు కొక్కేలూ తప్పించి, ఆ పచ్చ బోర్డును దించి, చంకలో పెట్టుకుని కూడలి దాటి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. బరువుకు ఆయాసపడుతోంది. బోర్డును తొట్టికి ఆనించి, వెనక్కి తిప్పింది.

"ఈ వైపు ఖాళీయే కదరా?"

"ఖాళీయే అక్కా."

"అయితే రాయి."

"ఏమని?"

"కొళాయి నీళ్ళ టీ అని రాయి." పైటచెంగుతో మొహం తుడుచుకుంది. నీళ్ళు పడుతున్న చేపవైపు చూసి, మళ్ళీ తమ్ముడి వైపు చూసింది. "దాని కింద ఇంకోటి రాయి. ఫౌంటెన్ నీళ్ళ కోసం నేనూ ఎదురుచూస్తున్నానని రాయి. అందరితో పాటే ఎదురుచూస్తానని."

అతను సంచి వైపు చూశాడు. "బ్రష్షులు ఇప్పుడే కడిగేశానే" అన్నాడు.

"కడిగితే ఏం, మళ్ళీ ముంచు. ఇక్కడే కూర్చుని రాయి, నేను చూస్తాను" అంటూ అక్క పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

అతను సుద్ద దారం ఒక కొస అక్క చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకున్నాడు.